అవ్వ అను బిడ్డా

ఐదేళ్ల భవ్యశ్రీకి మాటలు రావంటే ఎవరు నమ్ముతారు! టీవీలో సబ్బు ప్రకటన వచ్చిందంటే పొల్లుపోకుండా అప్పజెప్పేది. నోట రానిదల్లా తల్లిని పిలిచే మాట ఒక్కటే, అవ్వ.

ఆ ఒక్క మాట కోసం తల్లి మంజుల మొహం వాచిపోయి ఉంది. సిరిసిల్లలో మరమగ్గాల సాంచాల చప్పుడు మధ్య కండెలు చుడుతూ పొద్దస్తమానం బతిమాలేది. "అవ్వ అను బిడ్డా, ఒక్కసారి అవ్వ అను." పిల్ల తిరిగే కండె వంకే చూసేది. "నీ మొగడు కుమార్ సుత లేటుగనే మాట్లాడిండు, ఫికర్ జెయ్యకు" అని అత్త అనసూర్య కొట్టిపారేసేది. ఆ మాట పట్టుకునే ఏళ్లు పోగొట్టుకున్నారు.

చివరికి మంజుల ఒక్కతే పిల్లను కరీంనగర్ తీసుకొచ్చింది. డాక్టరమ్మ చాలాసేపు చూసింది.

"ఇది ఆటిజమమ్మా. కడుపుల ఉన్నప్పుడే మెదడు వేరే తీరుగ అల్లుకుంటది. నీ తప్పేం లేదు. పోగొట్టే మందు లేదు, ఓపికతోని నేర్పాలె. వారం వారం తీసుకరా."

"మరి గన్ని మాటలంటది గద మేడం?"

"ఎప్పుడో విన్నది విన్నట్టే అంటది. సొంతంగ ఎప్పుడు పిలుస్తదో ఇప్పుడే చెప్పలేం."

మందు లేదన్న మాట తప్ప మంజుల చెవికి ఇంకేదీ ఎక్కలేదు. కాళ్లీడ్చుకుంటూ బస్టాండుకు చేరింది.

అక్కడ బస్సు హారన్ మోగిందో లేదో, పిల్ల చెవులు మూసుకుని కిందపడి ఒకటే కేకలు. మంజుల రెక్క పట్టి లేపబోయింది. ఇంకేముంది, తమాషా దొరికితే జనం ఊరుకుంటారా! చుట్టూ మూగారు. పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషేమోనని ఒకడు మంజుల చేయి పట్టుకున్నాడు.

"నా బిడ్డెనే అన్నా! నా కడుపుల పుట్టింది!"

"గట్లనా? దాన్నే చెప్పనియ్యి. పాపా, గీమె నీకేమైతది?"

"గీమె నీకేమైతది," అంది భవ్యశ్రీ.

"పోలీసోళ్లకు ఫోన్ కొట్టుర్రి!" అన్నారెవరో. ఏ తల్లికీ రాకూడని గతి.

అప్పుడు భవ్యశ్రీ బస్సు చక్రం వంక చూస్తూ, అచ్చం మంజుల గొంతుతో, అదే సాగదీతతో అంది.

"అవ్వ అను బిడ్డా, ఒక్కసారి అవ్వ అను."

జనంలోని ముసలమ్మ ఒకామె గుండెలు బాదుకుంది. "అయ్యో, తల్లి గొంతే దించింది గదరా! గీమె బిడ్డనే, ఇడువుర్రి!"

వదిలేశారు. ఎవరి దారిన వాళ్లు పోయారు.

బస్సులో పిల్ల కిటికీ ఊచను గోకుతూ అదే మాట. వేములవాడ దాటినా అదే మాట. ఇన్నేళ్లూ తను అడుక్కున్నది ఇంత దీనంగానా! మంజుల కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

"అవ్వ అను బిడ్డా," అంది పిల్ల మళ్లీ.

"అవ్వా," అంది మంజుల, బిడ్డ వంక చూస్తూ. "అవ్వా... నా అవ్వా..."

భవ్యశ్రీ తల తిప్పలేదు.

"ఒక్కసారి అవ్వ అను," అంది.