నాలుగో మజిలీ

ఆ రోజు మా ఆయన ఫ్లాస్కు మర్చిపోయి వెళ్ళిపోయారు. మర్చిపోయారనడం మర్యాదకి. చొక్కా ఇస్త్రీ చేసి, టోపీ దులిపి, గోరువెచ్చటి నీళ్ళు పోసిన ఫ్లాస్కుని గొడుగు పక్కన గుమ్మం దగ్గర పెట్టడం నా పని. గొడుగు పెట్టాను, ఫ్లాస్కు వంటింటి గట్టు మీదే ఉండిపోయింది. “వాడు ఎండలో అరిచి చస్తాడు. నువ్వు నీడలో కూర్చుని నాలుగు ముక్కలు రాస్తావు. ఆపాటి జ్ఞాపకం ఉండదా?” అన్నారు మా అత్తయ్య. తుడుస్తున్న నేల సగంలో వదిలేసి, తడి చేతులతోనే ఫ్లాస్కు పట్టుకుని పరుగెత్తాను.

మా ఆయన గైడు. నది ఒడ్డున పాత వంతెన నుంచి పడమటి బురుజు దాకా రోజూ పొద్దున్నే పాతికమందిని నడిపిస్తూ, తొమ్మిది మజిలీల్లో ఆగి కథలు చెప్తారు. గొంతు ఆయనది, కథలు నావి. మధ్యాహ్నాలు నేను స్కూలు లైబ్రరీలో పని చేస్తాను. అక్కడి పాత పుస్తకాలు తిరగేసి, కుక్కరు కూతల మధ్య, మజిలీకో కార్డు చొప్పున రాసిస్తాను. ఇప్పటికి పదకొండేళ్ళు. మొదటి ఏడాదిలోనే ఒకసారి అడిగాను, నేనూ వస్తానని. “నీకు తెలియనిదేముందోయ్ అక్కడ? అన్నీ నువ్వు రాసినవేగా!” అన్నారు. ఆ రోజంతా పొంగిపోయాను కూడా, నా మొహానికి. మళ్ళీ అడగలేదు. ఆ నదిని నేను వంతెన మీద బస్సులో కూర్చుని చూడడమే.

నేను చేరేసరికి మొదటి మజిలీ నడుస్తోంది. రాతిసింహానికి ఒక చెవి ఎందుకు లేదో చెప్తున్నారు. “చదివీ చదివీ కళ్ళు పోయాయండీ,” అని కూడా అన్నారు, అందరూ అయ్యో అన్నారు. కళ్ళజోడు వచ్చింది నాకు! గుంపు వెనక నన్ను చూసి, ఇచ్చేసి వెళ్ళమన్నట్టు కనుబొమలు ఎగరేశారు. ఇచ్చేసేదాన్నే. కానీ ఆ సింహం! నేను ఏనుగంత ఉంటుందనుకుని “మహాసింహం” అని రాశాను. చూడబోతే మా వీధి కుక్కంత ఉంది. నాకు నవ్వాగలేదు. మరి రెండో మజిలీలో ధాన్యపు కొట్టు ఎంతుంటుందో? దాని గోడ మీద వరద గీతలు నిజంగా నా తలకన్నా ఎత్తులో ఉంటాయా? అదొక్కటీ చూసి వెళ్ళిపోదామనుకున్నాను. గీతలు నా భుజాల దగ్గరే ఆగాయి. మూడోదీ చూశాను. ఇంట్లో సగం తుడిచిన నేల ఆరిపోతూ ఉంటుందని తెలుసు. తెలిసే నడిచాను.

నాలుగో మజిలీ పాత రేవు మెట్లు. ఆ ఏడు నదిలో నీళ్ళు బాగా తగ్గాయి. ఎప్పుడూ నీళ్ళలో ఉండే కింది మెట్లు కూడా బయటపడ్డాయి. “ఈ రాళ్ళ మీద గుంటలు చూడండి,” అని మా ఆయన గొడుగుతో చూపించారు. “వందల ఏళ్ళు పడవల్ని కట్టిన తాళ్ళు ఒరుసుకుని, ఒరుసుకుని, రాయినే తినేశాయి.” నా వాక్యమే. ఆ “ఒరుసుకుని” రెండుసార్లు రాసినందుకు అప్పట్లో మురిసిపోయాను. కానీ తాడు ఒరిస్తే సన్నగా గాడి పడాలి గదా? అదీ రాతి అంచున పడాలి. ఇవి అంచుకి మూరెడు వెనక ఉన్నాయి. గుండ్రంగా, నున్నగా, పక్కపక్కనే రెండేసి ఉన్నాయి. మెట్టు పొడుగునా జతలు జతలుగా. ఏమై ఉంటాయి చెప్మా అనుకుంటూ గుంపుని తప్పించుకుని దిగాను. ఫ్లాస్కు పక్కన పెట్టి, చీర కాస్త ఎత్తిపట్టి, ఒక జత ముందు వంగాను.

మా ఇంట్లో నేల తుడిచే కర్ర లేదు. కర్రతో తుడిస్తే మూలలు శుభ్రపడవని మా అత్తయ్య నమ్మకం. అందుకని ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద తుడుస్తున్నాను. అక్కడ రాయి నాకేమీ చెప్పనక్కర్లేకపోయింది. నా రెండు మోకాళ్ళూ ఆ రెండు గుంటల్లో అమిరిపోయాయి. చేతులు చాపితే సరిగ్గా మెట్టు అంచు అందింది, అక్కడ రాయి బట్టలు రుద్దీ రుద్దీ ఏటవాలుగా అరిగిపోయి ఉంది. పక్క జత కొంచెం ఇరుగ్గా ఉంది, ఆవిడ సన్నటి మనిషేమో. ఆ పక్కదానికి ఎడమ గుంట లోతెక్కువ, కుడి మోకాలు నొప్పిగా ఉండేదేమో. ఎంతమంది, ఎన్ని తరాలు! వెంటనే సిగ్గేసింది. పదకొండేళ్ళుగా వీళ్ళ మోకాళ్ళని నేనే తాళ్ళకి రాసిచ్చేశాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నన్నిక్కడికి రానిచ్చి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏం దొరికిందమ్మాయ్?” అంది పైనుంచి, గుంపులో చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ.

“మోకాళ్ళమ్మా. ఇక్కడ బట్టలుతికిన ఆడవాళ్ళవి.”

మా ఆయన నవ్వేశారు. “మా ఆవిడ లెండి. ఇల్లు తుడిచీ తుడిచీ ఎక్కడ చూసినా మోకాళ్ళే కనిపిస్తాయి.” ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

“అవునండీ,” అన్నాను. “అందుకే కనిపించాయి.”

పెద్దావిడ మెట్లు దిగి వచ్చి, కర్ర పక్కకి పెట్టి, నా భుజం పట్టుకుని, మెల్లగా పక్క జతలో కూర్చుంది. చేతులు చాపి చూసుకుంది. తర్వాత, “మరి ఆ తాళ్ళ కథ ఎక్కడిదే?” అంది.

మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూస్తూ, వద్దన్నట్టు తల ఆడించారు.

“తప్పు నాదేనమ్మా. ఆ కథ రాసింది నేను. తొమ్మిది మజిలీల కథలూ నేనే రాశాను. పుస్తకాలు చూసి రాశాను గానీ, నదిని దగ్గర్నుంచి చూడలేదు.”

జనం బిలబిలమంటూ దిగారు. ఒకరు చెప్పులు విప్పి గుంటల్లో మోకాళ్ళు పెట్టి చూస్తున్నారు, ఇంకొకరు జతలు లెక్కపెడుతున్నారు. “పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టేవాళ్ళో?” అని ఎవరో నన్నే అడిగారు. తెలియదన్నాను, వెతుకుదామన్నాను. ఈలోగా మా ఆయన నా పక్కకి వచ్చి గొంతు తగ్గించారు.

“పరువు తీశావు కదే! సరే, అయిందేదో అయింది. కథ మాత్రం బాగుంది. సాయంత్రానికి ఆ మోకాళ్ళ సంగతి నాలుగు ముక్కలు రాసిపెట్టు. రేపట్నుంచి చెప్తాను.”

ఫ్లాస్కు తీసి ఆయన చేతికిచ్చాను.

“రాయనండీ. రేపు వచ్చి నేనే చెప్తాను,” అని, నీళ్ళలోంచి కొత్తగా తేలిన కింది మెట్టు మీద ఏముందో చూద్దామని దిగాను.