రెండో రౌండ్ దోసెలు

ఆదివారం పొద్దున్నే వైశాలి గ్రైండర్ కడుగుతోంది. ఈ ఎలక్షన్ మొదలయ్యాక ఆమె రుబ్బిన పిండిని పరిస్తే మెల్‌బోర్న్ శివార్లో వాళ్లుండే టార్నీట్ నుంచి జీలాంగ్ దాకా ఫుట్‌పాత్ పడేది. దారిలో కూర్చోవడానికి బెంచీలకి కూడా మిగిలేది.

మొగుడు బాలమురళి నిలబడింది చిన్నాచితకా పదవికి కాదు. ఆస్ట్రేలియా ఖండ తెలుగు మహాసమాఖ్య జాతీయ అధ్యక్ష పదవికి. దానికి జీతం లేదు, ఆఫీసు లేదు, చెప్పుకోదగ్గ అధికారమూ లేదు. ఒక శాలువా, ఒక లెటర్‌హెడ్, ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ముందు వరసలో కుర్చీ ఉంటాయి. ఆ కుర్చీ కోసం బాలమురళి పడ్డ తపన చూస్తే, కాన్‌బెర్రాలో ప్రధానమంత్రి కూడా తన కుర్చీ ఉందో లేదో ఓసారి తడిమి చూసుకునేవాడు.

ప్రచారమంతా వైశాలి వంటింటి మీదుగానే నడిచింది. "మా ఆవిడ చేతి దోసె తిన్నవాడు పక్కపార్టీకి వెయ్యలేడు" అనేవాడు బాలమురళి, ఆమె వైపు చూడకుండా. వచ్చినవాళ్లు తినేవాళ్లు, చేతులు కడుక్కునేవాళ్లు, ఆయన్ని మెచ్చుకుని వెళ్లేవాళ్లు. తెనాలి నుంచి అత్తగారు వీడియోలో, "మగాడు పదిమందిలో తిరిగేటప్పుడు ఇంట్లో ఆడది సర్దుకోవాలమ్మా. ఆ పళ్ల పరీక్ష ఎక్కడికి పోద్ది?" అనేది.

పళ్ల పరీక్ష ఎక్కడికీ పోలేదు. అదే అసలు బాధ. గుంటూరులో వైశాలి డెంటిస్టు. ఇక్కడ ఆ డిగ్రీ చెల్లాలంటే మళ్లీ పరీక్ష రాయాలి. పిల్ల పుట్టాక రాద్దువుగాని అన్నారు, పుట్టింది. బళ్లో పడ్డాక అన్నారు, పడింది. ఇప్పుడా పిల్ల సృజన యూనివర్సిటీకి వెళ్తోంది, వైశాలి పుస్తకాలు గరాజ్‌లో బార్బెక్యూ స్టాండుకి విరిగిన కాలు బదులు పనిచేస్తున్నాయి. తనేమో ఒక క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చుని ఊళ్లోవాళ్ల పళ్లకి అపాయింట్‌మెంట్లు ఇస్తుంది. అక్కడి డాక్టరు కుర్రాడు కాఫీ అడిగితే తెచ్చిపెడుతుంది.

ఎలక్షన్ ముందు కేరమ్ డౌన్స్ గుళ్లో, దేవుడి ఎదురుగా బాలమురళి ఒక మాటన్నాడు. "ఈసారి ఓడిపోతే మళ్లీ వీటి జోలికి పోను. ఆదివారాలన్నీ నీవే. కూర్చుని చదువుకో." ఎలాగూ గెలుస్తానన్న ధీమాతో అన్నాడు. వైశాలి మాత్రం ఆ మాటని దేవుడికన్నా శ్రద్ధగా విన్నది.

మొదటి రౌండ్‌లో ముగ్గురు నిలబడ్డారు: బాలమురళి, భానుప్రసాద్, సింధుజ. సింధుజకి వేస్తామని గుడి వంటశాలలో కూరలు తరుగుతూ ఆడవాళ్లంతా ఒట్టేశారు. తీరా చూస్తే ఆన్‌లైన్ ఓటు లింకులు ఈమెయిల్‌కి వచ్చాయి. ఫ్యామిలీ మెంబర్‌షిప్ తీసుకున్న రోజున మొగుళ్లందరూ పెళ్లాం ఈమెయిల్ అన్నచోట కూడా తమదే ఇచ్చారు. "నీదీ వేసేశాన్లే, నీకో పని తగ్గింది" అన్నాడు బాలమురళి, గిన్నెలు తోమిపెట్టినంత ఉదారంగా. ఆ పూట దేశమంతా ఇలాగే మొగుళ్లు పెళ్లాలకి పని తగ్గించారు. సింధుజకి వచ్చిన ఓట్లు ఒక మినీబస్సులో సరిపోయాయి, డ్రైవరు పక్కన సీటు ఖాళీగా ఉండేది.

సగం దాటి ఎవరికీ రాలేదు కాబట్టి పైనున్న ఇద్దరికీ రెండో రౌండ్ పెట్టారు. సింధుజ గొడవచేస్తే, ఈసారి ఎవరి ఓటు వాళ్లే వచ్చి కాగితం మీద వెయ్యాలన్నారు. అంటే ఆడవాళ్ల చేతికి ఓటు వచ్చింది, వెయ్యాలనుకున్న మనిషి లేకుండా పోయింది.

ఈ దేశంలో ఓటుకి వెళ్తే బయట సాసేజ్ కాల్చిపెడతారు. మహాసమాఖ్య దాన్ని దోసె చేసింది. ఏ విషయంలోనూ కలవని ఇద్దరు అభ్యర్థులూ ఈ ఒక్కదాంట్లో కలిశారు. దోసెలు పొయ్యడానికి ఎవరి భార్యని వాళ్లు ఇచ్చారు. అలా ఈ ఆదివారం టార్నీట్ హాలు బయట ఒక పెనం ముందు వైశాలి, పక్క పెనం ముందు భానుప్రసాద్ భార్య అమృత నిలబడ్డారు.

జనం పల్చబడ్డాక వైశాలి చేతులు తుడుచుకుని లోపలికెళ్లింది. మూడు వైపులా అట్టగోడ, దారంతో కట్టిన పెన్సిలు. అంత చిన్నచోట నిలబడితే ఆమెకి ఊపిరాడింది. ఉప్పెక్కడుందని ఇక్కడ ఎవరూ అడగరు. ఈ అట్టగోడలో ఒక నెల అద్దెకి దొరికితే పరీక్ష పాసైపోవచ్చు. భానుప్రసాద్ మంచివాడా? కాదు. బాలమురళిని ఇస్త్రీ చేస్తే భానుప్రసాద్ అవుతాడు. వీళ్లిద్దరిలో ఎవరు గెలిచినా ఏదో ఒక ఇంట్లో గ్రైండర్ తిరుగుతూనే ఉంటుంది. అది మా ఇల్లు కాకుండా ఉంటే చాలు అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది కూడా. ఇరవయ్యేళ్లు కాపురం చేసిన మనిషి పేరు దాటి కింద పేరు దగ్గర టిక్కు పెడుతుంటే, పెన్సిలు ఆమె అనుకున్నంత బరువేమీ లేదు.

తిరిగొచ్చేసరికి అమృత పెనం మీద నీళ్లు చల్లుతోంది.

"అక్కా, ఒకటి చెప్తే ఎవరితో అనవుగా. నేను మురళి అన్నయ్యకి ఓటేసి వచ్చా."

వైశాలి పోస్తున్న దోసె ఆస్ట్రేలియా మ్యాపులా సాగింది.

"డార్విన్ హాస్పిటల్లో నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. ఈయన గెలిస్తే ప్రెసిడెంట్‌గారు మెల్‌బోర్న్ వదిలి ఎట్టా వస్తారంట. ఓడిపోతే పోదాం అన్నారు" అంది అమృత.

"నేను మీ ఆయనకేశా" అంది వైశాలి.

ఇద్దరూ పెనాల వైపే చూస్తూ నిలబడ్డారు. ఇన్నేళ్లకి తమ చేత్తో వేసుకున్న రెండు ఓట్లూ ఒకదాన్నొకటి తినేశాయి. దోసెలు రెండూ మాడిపోయాయి. వాటిని ఎవరికీ పెట్టలేదు, వాళ్లే తిన్నారు.

సాయంత్రానికి అన్ని ఊళ్ల లెక్కా వచ్చింది. బాలమురళి గెలిచాడు. శాలువా భుజాన పడగానే ఆయన ఎత్తు కాస్త పెరిగింది. మైకులో అందరికీ థాంక్స్ చెప్పాడు, వచ్చే రెండేళ్లూ ప్రతి ఆదివారం తన ఇంటి తలుపులు తెలుగువాళ్లకి తెరిచే ఉంటాయని ప్రకటించాడు. తలుపులు తియ్యడం ఎవరికైనా తేలికే. అవి తెరిచాక లోపల ఉండాల్సిన మనిషి హాలు వెనక మాడిన పెనం గీకుతోంది. ఇంకో రెండేళ్లు. ఆ తర్వాత ఇంకేదో ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. గెలిస్తే ఏడవాలని ఆమె ముందే అనుకుంది గానీ, తీరా చూస్తే ఏడుపు కూడా రాలేదు.

అమృత వచ్చి గట్టిగా వాటేసుకుని బోరుమంది. ఓటమి తట్టుకోలేకపోతోందని చుట్టూ ఉన్నవాళ్లు జాలిపడ్డారు. అమృత ఆమె చెవిలో అంది, "డార్విన్లో నీకో గది ఉంచుతా అక్కా. పుస్తకాలు తెచ్చుకో."

ఇంటికెళ్తుంటే కార్లో బాలమురళి ఫోను స్పీకర్లో పెట్టాడు. అవతల ప్రచార మేనేజరు కనకరాజు ఒక్కో ఓటూ ఎలా రాబట్టాడో చెబుతున్నాడు. మధ్యలో బాలమురళికి ఏదో గుర్తొచ్చింది. "అవునూ, నువ్వు ఓటేశావా?"

"వేశాను. భానుప్రసాద్ గారికి" అంది వైశాలి.

బాలమురళి నవ్విన నవ్వుకి కారు పక్క లేన్‌లోకి పోబోయింది. "విన్నావా కనకం? మా ఆవిడ జోకులు మొదలెట్టింది. ఏదీ, మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పింది. కనకరాజు నవ్వాడు. అవతల ఇంకెవరో ఫోను లాక్కుంటే వాళ్లకీ చెప్పింది. వాళ్లూ నవ్వారు. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో నిజం చెప్పడానికి ఎందుకు భయపడిందో వైశాలికి అర్థం కాలేదు. దాన్ని ఎవరూ నమ్మరు.

"వచ్చే నెల నేను అమృతతో డార్విన్ వెళ్తున్నాను. పరీక్ష రాసేదాకా రాను" అంది.

బాలమురళి కళ్లలో నీళ్లొచ్చాయి. స్టీరింగ్ మీద కొట్టి మరీ నవ్వాడు.

వెనక సీట్లోంచి సృజన ఇయర్‌ఫోన్లు తీసి అడిగింది. "అమ్మా, ఆర్ యూ సీరియస్?"

"అవును" అంది వైశాలి.

దానికి ఇంకా నవ్వారు. సృజన మాత్రం నవ్వలేదు.