పక్క మనిషికి పడని మందు

అత్తగారి జ్వరం తగ్గాలంటే పెన్సిలిన్ ఇంజెక్షనే సరైనది. కానీ వార్డు కంప్యూటర్ తెరమీద ఆవిడ పేరు పక్కన ‘పెన్సిలిన్ పడదు’ అని ఉంది. బదులుగా సల్ఫా మాత్ర వేస్తామన్నారు డాక్టరమ్మ.

“మా అత్తగారికి రాళ్లు తిన్నా అరుగుతాయండీ! ఆ తెర తప్పు చెబుతోంది. సాయంత్రం మందు వేసేలోపు తేల్చేస్తాను,” అంది కోడలు. ఆ ఆసుపత్రి ప్రోగ్రాములు చూసుకునేది ఆమే మరి. విసవిసా కంప్యూటర్ గదికి నడిచింది.

అక్కడ ఆ విభాగం హెడ్డుగారు టీ తాగుతున్నారు. “కంప్యూటర్ అబద్ధమాడదమ్మా. అత్తగారి మీద ప్రేమ నీచేత అలా అనిపిస్తోంది.”

“ప్రేమా? ఆవిడ వింటే పడీపడీ నవ్వుతుంది,” అంటూ ప్రోగ్రాము తెరిచింది.

సి భాష మధ్య, డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ వాక్యాలు పొదిగిన పాత ప్రోగ్రాము అది. డేటాబేస్ నుంచి ఒక్కో రోగి వివరాలు తెచ్చి, పడని మందును వేరియబుల్ అనే డబ్బాలో వేసుకుని తెరకెక్కిస్తుంది. ఒక రోగికి డేటాబేస్‌లో ఆ మందు గడి ఖాళీగా ఉంటే డబ్బాలో కొత్తగా ఏమీ పడదు, వరుసలో ముందున్న మనిషిది అలాగే మిగిలిపోతుంది. అందుకే ‘ఇది ఖాళీ’ అని చెప్పే సూచిక ఒకటి పక్కన పెట్టుకోవాలి. అది లేకపోతే ప్రోగ్రాము ఎర్రరిచ్చి ఆగాలి. మాటిమాటికీ ఆగుతోందని విసుక్కుని, ప్రోగ్రామును కంపైల్ చేసేటప్పుడు, అంటే యంత్రభాషలోకి మార్చేటప్పుడు, ఒక ఆప్షన్ పెట్టి ఆ ఎర్రరు నోరు నొక్కిన మహానుభావుడు ఎదురుగా టీ తాగుతున్నాడు.

“చూస్తూ ఉండండి,” అని కోడలు పేర్ల వరుస తలకిందులు చేసి మళ్లీ నడిపింది. ఈసారి అత్తగారి పేరు పక్కన ‘ఆస్పిరిన్ పడదు’ అని వచ్చింది.

“ఇందాక ఒక పక్కవాళ్లది, ఇప్పుడు ఇంకో పక్కవాళ్లది! వరుస మారిస్తే ఒంటికి పడనిది మారిపోతుందా అండీ?”

హెడ్డుగారు కప్పు కింద పెట్టేశారు. “ఆ ఆప్షన్ పెట్టింది నేనే. కొంప ముంచాను కదమ్మా! తీసెయ్యి.”

తీసేసింది. సూచిక పెట్టి, గడి ఖాళీగా ఉంటే ‘అడగలేదు’ అని చూపించేలా రాసింది.

“‘ఏమీ లేదు’ అని పెట్టొచ్చుగా?”

“మనకు తెలియనంత మాత్రాన లేనట్టా అండీ?”

ఆమె వార్డుకు వచ్చేసరికి నర్సు మాత్ర పట్టుకుని నిలబడి ఉంది. డాక్టరమ్మ తెరమీద కొత్తగా వచ్చిన ‘అడగలేదు’ చూసి, ఆగమని చెయ్యెత్తారు. మంచం దగ్గరకు వంగి అడిగారు. “అమ్మా, మీకు పెన్సిలిన్ పడుతుందా?”

“భేషుగ్గా పడుతుంది. సల్ఫా మాత్రే పడదు. ఒకసారి వేసుకుంటే గొంతు పూడుకుపోయి, చావు తప్పి కన్ను లొట్టపోయింది.”

నర్సు చప్పున మాత్ర వెనక్కి తీసుకుంది. కోడలు వచ్చి మంచం అంచున కూర్చుంది.

“ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?”

“అడిగితే కదే చెప్పడానికి! రాళ్లు తిన్నా అరుగుతాయని ఊరంతా చాటావు కానీ, నువ్వు మాత్రం ఎప్పుడడిగావు?”

కోడలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఇప్పుడడుగుతున్నాను. ఇంకేమేం పడవు?”