ఫ్యాను కింద చోటు

"ఏమ్మే, ఫ్యానాపు! దూదంతా ఎగిరిపోతాంది!"

రుక్సానా పెళ్లయి నంద్యాలకు వచ్చిన కొత్తల్లో విన్న మొదటి కేక అది. ఇప్పుడామెకు యాభై దగ్గర పడుతోంది. ఆ ఇంట్లో "తిన్నావా" అన్న మాట కన్నా ఎక్కువసార్లు విన్నది ఆ కేకనే. వాళ్లది పరుపుల అంగడి. ముందొక గది, వెనకొక గది. ముందు గదిలో మొగుడు దాదా ఖలందర్ కూర్చుంటాడు. ఆయన నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతూ ఉంటుంది. వచ్చినవాళ్లకు కుర్చీ, టీ, బేరాలు, నవ్వులు అన్నీ అక్కడే. వెనక గదిలో దూది ఏకే మిషను, దూది కుప్పలు, నేల మీద పరుపులు, చేతిలో దబ్బనంతో రుక్సానా. తలుపులు మూసి, కిటికీలు బిగించి, ఫ్యాను ఆపి కూర్చోవాలి. దూదేకుల ఇంట పుట్టి దూదేకుల ఇంట మెట్టిన మనిషికి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. దూదికి గాలి పడదు, అంతే. మరి మనిషికి గాలి కావాలి కదా అని అడిగినవాళ్లు ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ లేరు.

పోయిన ఎండాకాలం నుంచి ఆమెకు కొత్త బాధ ఒకటి మొదలైంది. ఎండాకాలం నంద్యాలలో చెమట పట్టడం వింతేమీ కాదు గనుక మొదట్లో పట్టించుకోలేదు. వానలు పడ్డాయి, చలికాలమూ వచ్చింది, ఆ సెగ మాత్రం పోలేదు. మనిషి కూర్చున్నట్టే కూర్చుని ఉండగా ఎవరో రొమ్ముల నడుమ పొయ్యి రాజేసినట్టు భగ్గుమనేది. అది మెడకు, చెవులకు, మాడుకు ఎగబాకేది. వీపు మీద జాకెట్టు తడిసి ముద్దయ్యేది. ఆ చెమటకు దూది పోగులు అంటుకుని మొహమంతా తెల్ల గడ్డం మొలిచినట్టయ్యేది. కాసేపటికి ఒళ్లు చల్లబడి వణుకు పుట్టేది. రాత్రుళ్లయితే చెప్పనే అక్కర్లేదు, పక్కంతా తడి. "ఏందే ఇది, చిన్నపిల్ల మాదిరి పక్క తడిపినావా?" అని ఖలందర్ ఒకసారి నవ్వాడు. హాస్యమట! ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. చేతికి దబ్బనం దొరికితే బాగుండుననిపించింది.

తట్టుకోలేక వీధిలోకి వచ్చి నిలబడితే, "గాలి పోసుకుంటాండావా? పని ఎవురు చేస్తారు?" అనేవాడు. అత్త హమీదాబీ మంచం మీంచే అందుకునేది. "మా కాలంలో ఇట్లాంటి పోకడలు ల్యావమ్మా. మేమూ ఆడోళ్లమే." ఆ మాటతో రుక్సానా మళ్లీ లోపలికి పోయేది. తలుపు తనే మూసుకునేది.

ముట్టు రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి వస్తుంటే పీడ వదిలిపోతోందని సంబరపడింది తప్ప, దీనికీ దానికీ లంకె ఉందని ఆమెకు తట్టలేదు. పరుపులు కుట్టే మనిషి కదా, అనుమానమంతా పరుపు మీదికే పోయింది. బూరుగు దూది చలువ, మిల్లు వేస్టు వేడి. ఈ సంగతి ఆ వీధిలో పాలు తాగే పిల్లకాయలకు కూడా తెలుసు. అంటే తన పరుపులో మొగుడు మిల్లు వేస్టు కలిపాడన్నమాట! ఊరందరికీ మంచి దూది పెట్టి పెళ్లానికి చెత్త కూరతాడా అని మండిపడి, ఒకనాడు ఆ పరుపును నిలువునా విప్పేసింది. దూదంతా బయటికి తీసి పోగు పోగు వెతికింది. వేస్టు లేదు. అయినా నమ్మకం కుదరక, నల్లమల నుంచి వచ్చిన బూరుగు దూది మూటలో నుంచి తీసి కొత్తగా నింపి, కుట్టి, దాని మీద పడుకుంది. తెల్లారేసరికి అదీ తడిసింది. "మంచి దూదిని పాడు చేస్తివి గదే" అని ఖలందర్ వారం రోజులు సణిగాడు. ఆమెకేమో తప్పు పరుపుది కాకపోతే తనదే అయ్యుంటుందని లోలోపల భయం పట్టుకుంది. ఏదో పెద్ద రోగమే వచ్చిందనుకుంది.

అట్లా ఉండగా ఆళ్లగడ్డ నుంచి కబురొచ్చింది. అక్కడ దానమ్మ అనే ఆమె ఆడపిల్లల హాస్టలు నడుపుతుంది. పాత పరుపులన్నీ గడ్డలు కట్టాయి, అన్నీ నంద్యాలకు మోయడం తనవల్ల కాదు, మీరే వచ్చి ఇక్కడే ఏకి కుట్టిపెట్టండి అంది. వెనకటికి దూదేకులవాళ్లు విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి ఇళ్ల ముందరే పని చేసేవాళ్లు. ఇప్పుడు మిషన్నే ఆటోలో ఎక్కించి ఖలందర్, రుక్సానా పొద్దున్నే బయల్దేరారు. హాస్టల్లో ఒక స్టోరు గది ఇచ్చారు. ఖలందర్ తలుపులు బిగించి మధ్యాహ్నానికల్లా దూది ఏకి, గలేబు సంచుల్లో నింపేశాడు. రుక్సానా మూతులు కుట్టేసింది. "అంగడి మూసొచ్చినా. నేను పోతాండా. నువ్వు టాకాలు ఏసేసి సాయంత్రం బస్సుకు రా" అని మిషను ఆటోలో వేసుకుని ఆయన వెళ్లిపోయాడు.

రుక్సానా ఆ గదిలోనే కూర్చుని, తలుపు దగ్గరగా వేసుకుని, అలవాటుగా ఫ్యాను స్విచ్చు ఆపి, మొదటి పరుపు మీదికి వంగింది. లోపలి దూది కదలకుండా దబ్బనం ఆరపార గుచ్చి నాలుగు టాకాలు వేసిందో లేదో సెగ తన్నుకొచ్చింది. కళ్లు బైర్లు కమ్మాయి. గోడకు ఆనుకుని కొంగుతో మొహం తుడుచుకుంటుండగా తలుపు తెరుచుకుంది. చేతిలో మజ్జిగ గ్లాసుతో దానమ్మ. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, పిల్లల్ని హడలెత్తించే గొంతు.

"ఏందమ్మా, ఈ చీకటి గుయ్యారంలో కూసున్నావ్? ఫ్యానేసుకోలేదేం?"

"దూది ఎగురుతాది మేడం."

దానమ్మ గదంతా కలియజూసింది. "దూదంతా పరుపుల్లోకి పోయింది, మూతులు కుట్టేసినావ్. ఇంక ఎగిరేదానికి యాడుండాది?"

రుక్సానా కూడా గదంతా చూసింది. ఎగిరే దూది లేదు. నిజంగానే లేదు! ఏకేటప్పుడు ఆపాలి, నింపేటప్పుడు ఆపాలి. కుట్టేటప్పుడు ఎందుకు ఆపాలి? పెళ్లయినప్పటి నుంచీ మధ్యాహ్నాలన్నీ, సాయంత్రాలన్నీ, కడుపుతో ఉన్న నెలలన్నీ, ఇంటి వెనక గదిలో ఉడికిపోతూ కుట్టిన పరుపులన్నీ కళ్ల ముందు తిరిగాయి. వాటిల్లో ఒక్కటన్నా గాలికి ఎగిరిపోయేదా? మొగుడికి తట్టలేదు సరే, ఆయన ఫ్యాను కింద ఉంటాడు. ఉడికిన తనకన్నా తట్టిందా? నవ్వొచ్చింది ఆమెకు. కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

దానమ్మ ఆమె చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకుపోయి పెద్ద ఫ్యాను కింద కూర్చోబెట్టింది. మజ్జిగ తాగించి, ఎప్పటినుంచి ఇట్లా ఉంటాండాదని అడిగింది. రుక్సానా అన్నీ చెప్పింది. పరుపు విప్పిన సంగతి చెప్పేసరికి దానమ్మ పగలబడి నవ్వింది.

"పరుపు ఏం చేసిందమ్మా నిన్ను! ముట్టు ఆగిపోయే కాలం ఇది. లోపల ఒంటి లెక్క మారుతాంది. నాకు మూడేండ్లు ఉండె. చర్చిలో నిలబడి పాట పాడతా పాడతా కాలిపోయేదాన్ని. రోగం కాదు, సిగ్గు పడేదీ కాదు. పల్చటి నూలు గుడ్డలు కట్టుకో. టీలు తగ్గించు. పడుకునేటప్పుడు కిటికీ తీసిపెట్టుకో, పక్కన ఇంకో జత గుడ్డలు పెట్టుకో. మరీ తట్టుకోలేకుంటే డాక్టరమ్మకు చూపించుకో, మందులు ఉండాయి."

"అంటే నేను చచ్చిపోను గదా మేడం?"

"యాడికి పోతావ్, ఇన్ని పరుపులు కుట్టాల!"

అబ్బ, ఆ మాటతో ఎంత బరువు దిగిపోయింది! ఒక్కొక్క పరుపే హాల్లోకి లాక్కొచ్చి, ఫ్యాను కింద పరిచి, రుక్సానా దబ్బనం పట్టింది. సెగ మళ్లీ వచ్చింది. రానీ అనుకుంది. గాలి తగిలింది, వచ్చింది వచ్చినట్టే పోయింది. చేతులు ఆడుతున్నాయి, టాకాలు వరసన పడుతున్నాయి. దానమ్మ కుట్టును తడిమి, "ఖలందర్ అప్ప చేతి కుట్టంటే ఈ పక్క ఊళ్లన్నిట్లో పేరు" అంది. మామూలుగా అయితే రుక్సానా తల వంచుకుని ఊరుకునేది. ఈసారి తల ఎత్తింది. "ఆయప్పకు దబ్బనంలో దారం ఎక్కించేది కూడా రాదు మేడం. కుట్టు నాది" అంది. అన్నాక గుండె దడదడ కొట్టుకుంది. ఆ దడ కూడా బాగుంది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్లు అడ్డమొచ్చి బస్సు ఆగితే, దిగి తోసేద్దామా అన్నంత తొందర పుట్టింది. రేపు ఏం చేయాలో తెలిసిపోయింది. ఇంటికి పోగానే ముందు అత్తకు చెప్పింది. హమీదాబీ కోడలి మొహం చూడకుండా అంది. "నాకూ వచ్చినాది. బావికాడ రెండు బక్కెట్లు పోసుకుని, తడి చీరతోనే కూసుని కుట్టేదాన్ని. ఎవురికి చెప్తాం? ఇది చెప్పుకునేదా?"

రుక్సానాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ పోకడలన్న నోరే ఇది. కోపం రావాలి, రాలేదు. తడి చీరలో వణుకుతూ కుట్టే పడుచు హమీదాబీ ఎదురుగా కూర్చున్నట్టుంది.

మర్నాడు ఖలందర్ తల దువ్వుకుని అంగడిలోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ముందు గదిలో, తన కుర్చీ పక్కనే, నింపిన పరుపు పరిచి ఉంది. దాని మీద రుక్సానా. పైన ఫ్యాను.

"ఏందీ? ఈడ పరిచినావ్?"

"కుట్టేదానికి."

"ఫ్యాను తిరుగుతాంది. దూది..."

"మూతి కుట్టేసినా. ఒక్క పోగు ఎగరనీ, నేనే లేసి వెనక్కు పోతా."

పాపం, ఆయన నిజంగానే కాసేపు చూశాడు, దూది ఎగురుతుందేమోనని. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఏదీ ఎగరలేదు. ఇంకో మాట వెతుక్కున్నాడు.

"అంగడి ముందర ఆడమనిషి ఇట్లా కూసుంటే వచ్చినోళ్లు ఏమనుకుంటారు?"

"కుట్టేది నేననుకుంటారు."

ఖలందర్ ఇంకేదో అనబోతుంటే మెట్లెక్కి ఒక ఆడమనిషి వచ్చింది. పాణ్యం సావిత్రమ్మ, కూతురి కాన్పుకు చిన్న పరుపు చెప్పిపోయిన మనిషి. సరిగ్గా అప్పుడే సెగ లేచింది. రుక్సానా మొహం ఎర్రబడింది, నుదుటి మీంచి చెమట ధారకట్టింది. సావిత్రమ్మ గాబరాగా చూసింది. "ఏమైందప్పా ఈమెకు?"

"ఏంల్యా, కొంచెం జొరం" అన్నాడు ఖలందర్ గబగబా. లోపలికి పొమ్మని పెళ్లానికి కళ్లతో సైగ చేశాడు.

రుక్సానా లేవలేదు. దబ్బనం పరుపులో గుచ్చి, కొంగుతో మెడ తుడుచుకుని, వీధిలోకి కూడా వినపడేట్టు చెప్పింది.

"జొరం కాదు వదినా. ముట్టు ఆగిపోతాంది నాకు. సెగలు వస్తాండాయి. అందుకే గాలికి కూసున్నా."

ఖలందర్ గోడవైపు తిరిగాడు. లోపల హమీదాబీ దగ్గింది. సావిత్రమ్మ చేతిలో సంచి కింద పెట్టి, చెప్పులు విడిచి, పరుపు దగ్గరికి వచ్చింది.

"కొంచెం ఆ పక్కకు జరుగు" అంది. "నాక్కూడా తగలనీ ఆ గాలి."