జడలో రాగి తీగ

ఆ టోపీ మీద రాజనర్సయ్యకు మొదటి చూపుల్నే అనుమానం పుట్టింది. అమీర్‌పేటల ముప్పై ఏండ్ల సంది మోటార్లకు వైండింగ్ చేస్తుండు, రాగి చుట్టల సంగతి ఆయనకు ఒకరు చెప్పాల్నా? పంజాగుట్ట స్కానింగ్ సెంటర్‌కు కొత్తగొచ్చిన ఆ టోపీని స్కాన్ తీసేటప్పుడు తలకు పెడుతరు, కాయిల్ అంటరు; దాంట్ల తొంభై ఆరు రాగి చుట్టలున్నయట.

"గిన్ని చుట్టలుంటే వేడెక్కదా?" అని అడిగిండు.

"ఎక్కదండీ. పాతదాంట్లో మెదడు బియ్యం గింజంత ముక్కలుగా కనబడేది, ఇందులో నూకంత కూడా కనబడుద్ది," అన్నడు టెక్నీషియన్ వివేక్ నవ్వుకుంట.

ఆ నవ్వుకే రాజనర్సయ్యకు ఒళ్లు మండింది. బిడ్డ చంద్రికకు ఫిట్స్. ఆపరేషన్‌ల మెదడుల కొయ్యాల్సిన జాగ పక్కనే మాటలు పుట్టే జాగ ఉన్నదట. అదెక్కడిదాంక ఉన్నదో ఈ స్కాన్‌ల తేలకుంటే పిల్ల నోరు పడిపోవచ్చు. రోజంత ముచ్చట్లు పెట్టే పిల్ల!

తెల్లారి, స్కాన్‌కు పోయే ముందు, ఇంట్లనే తన పని తను చేసిండు. మోటారు కాలితే తీగ మీది వార్నిష్ నల్లబడుతది. టోపీ వేడెక్కితే ఈ తీగ సుత నల్లబడి సాక్ష్యం చెప్తది. అందుకే తీగ ముక్కను కొసలు కలిపి ఉంగరం లెక్క మెలేసి, చంద్రిక ఎడమ చెవి మీది జడపాయల దాచిండు.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. ఆళ్ల అబద్ధం నేను పట్టిస్త."

స్కాన్ గది కాడి ఇనుము పట్టే గేటు రాగిని పట్టలే. ఒంటి మీద లోహముందా అని వివేక్ అడిగితే, లేదన్నది సుత రాజనర్సయ్యనే.

పది నిమిషాలకే లోపల చంద్రిక కేకేసింది. బయటికి తీస్తే చెవి మీద కమిలింది. తెర మీద మాటల జాగ కాడ నల్లటి మచ్చ.

"చెప్పిన్నా లేదా! కాల్చిండ్రు కదరా!" అని ఒర్రిండు రాజనర్సయ్య.

వివేక్ పెద్ద డాక్టరుకు ఫోన్ కొట్టిండు. "సార్, కొత్త కాయిల్ ఆపేస్తున్నాం. ఇక ఎవరికీ వాడం," అని చెప్తుండు.

రాజనర్సయ్య జడలకెళ్లి తీగ తీసిండు. నల్లగైంది. గెలిచిన అనుకున్నడు, మరుక్షణమే దాని కొసల దిక్కు చూసిండు. కొసలు కలిసిన చుట్టను అసుంటి మిషిన్ల పెడితే దాంట్లకు కరెంట్ రాకుంట ఉంటదా? కాలింది టోపీ కాదు, తన తీగ; తెర మీది మచ్చ సుత దాందే. పిడికిలి మూస్తే ఎవ్వలకు తెల్వదు. కానీ టోపీ ఆగితే బిడ్డ నోరెట్ల?

"ఆపకు బాబూ," అని పిడికిలి విప్పిండు. "తప్పు నాది."

వివేక్ తిట్టిన తిట్లన్నీ తలొంచుకొని పడ్డడు.

పదిహేను రోజులకు గాయం మానినంక, అదే టోపీ మళ్ల పెట్టిండ్రు. ఈసారి తెర మీద మాటల జాగ అంచులతో సహా వెలిగింది. చంద్రిక నవ్వుకుంట బయటికొచ్చింది.

"మనసుల మాటలు అనుకొమ్మన్నరు నాయనా. నిన్నే తిట్టుకున్న, మస్తు!"

రాజనర్సయ్యకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "తిట్టు బిడ్డా. ఆపరేషన్ అయినంక సుత గట్లనే తిట్టు."