లైనింగ్ వేసిన పట్టీ

బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయంటే దర్జీ ఇంట్లో గుడ్డకున్న చోటు మనిషికి ఉండదు. ముందు గదిలో రెండు మిషన్లు, గోడవారగా కత్తిరింపు బల్ల, బల్ల నిండా నీలం తానులు, కుర్చీల మీద కాజాలు కుట్టాల్సిన చొక్కాలు, కిటికీ ఊచలకు ఇస్త్రీ అయిన గౌన్లు. టీ గ్లాసు పెట్టుకోవాలన్నా ముందు ఏదో ఒకటి ఎత్తి ఇంకోదాని మీద వెయ్యాలి. ఆ ఏడు ఒక పెద్ద బడి పిల్లల బట్టలన్నీ ఈ ఇంటికే కుట్టడానికి వచ్చాయి. అందరూ మాస్టారని పిలిచే ఆ దర్జీ, ఆయన భార్య ఇద్దరూ సంబరంగా మూటలు దింపించుకున్నారు. అన్ని చోట్లూ నిండాక, కత్తిరింపు బల్ల కింద ఖాళీగా కనిపించిన చోట్లోకి కూడా తోశారు.

నిజానికి ఆ చోటు ఖాళీగా లేదు. అది గుండీది.

గుండీ వాళ్ళ కుక్క. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిటారుగా ఉంటే ఇంకో చెవి వాలిపోయి ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు ఎవరి కోటుదో గుండీ మింగేసి, అది బయటికి వచ్చేదాకా ఇంటిల్లిపాదినీ తన వెనకే తిప్పింది కనుక ఆ పేరు పడింది. పెరిగింది ఆ బల్ల కిందే. పాత దుప్పటి ముక్క మీద ముడుచుకుని, వచ్చేపోయే కాళ్ళను చూస్తూ పడుకునేది. బల్ల కాళ్ళు దాటి లోపలికి ఎవరూ రారని దానికి నమ్మకం.

మూటలు వచ్చాక గుండీ గది మధ్యలో పడింది. అటు పోతే మిషను, ఇటు పోతే బుస్సుమనే ఇస్త్రీ పెట్టె. కొలతలకు వచ్చిన పిల్లలు తోక తొక్కేవారు. తల్లులు "ఛీ, లే!" అని చెప్పు కొసతో తోసేవారు. కొన్నాళ్ళు అది తోక ముడిచి తప్పుకుంది. తప్పుకోవడానికి చోటు లేకపోయాక గుర్రుమనడం మొదలుపెట్టింది.

బట్టలు కుట్టించుకోను వచ్చినవాళ్ళ మీద కుక్క గుర్రుమంటే దర్జీకి తలవంపులే. మాస్టారు భార్య చేతిలో ఎప్పుడూ చెక్క స్కేలు ఉంటుంది. దాంతో మూతి మీద టక్కున ఒకటి తగిలించేది. గట్టిగా ఏమీ కాదు.

"నోర్ముయ్! వచ్చినవాళ్ళని పలకరించే పద్ధతేనా ఇది?" అనేది.

గుండీ నోరు మూసేది. వచ్చినవాళ్ళు నవ్వేవారు. పని సాగేది.

ఒకరోజు పై అంతస్తులో ఉండే ఇంటావిడ దిగి వచ్చింది. ఆవిడ చేతిసంచి గుండీ ముఖానికి తగిలింది. అది పళ్ళు బయటపెట్టి సంచిని లటుక్కున పట్టుకుని వదిలింది. ఆవిడ గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"చూడమ్మా, ఇల్లు మీకిచ్చాను గాని మీ కుక్కకివ్వలేదు. నా మనవరాలు పైకీ కిందికీ తిరుగుతుంది. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగిందంటే దాన్నైనా పంపాలి, మీరైనా కదలాలి. తరవాత పిన్నిగారు చెప్పలేదనొద్దు."

ఆ మాటతో ఇంట్లో అందరికీ అన్నం సయించలేదు. పిల్లలు లేని ఆ దంపతులకు గుండీ అంటే ఏమిటో వేరే చెప్పాలా? మర్నాడు మాస్టారు పని పక్కన పెట్టి దాన్ని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ గుండీని తొందరపెట్టలేదు. నేల మీద కూర్చుని, అది తనంతట తాను వచ్చి వాసన చూసేదాకా ఆగింది. అప్పుడు ఒక బూడిదరంగు పట్టీ తీసి చూపించింది.

"ఇది మత్తుమందు కాదండీ. తల్లికుక్క పాలిచ్చేటప్పుడు దాని ఒంటి నుంచి ఒక వాసన వస్తుంది. మన ముక్కుకి అందదు గాని పిల్లలకి అందుతుంది. అమ్మ పక్కనే ఉంది, భయం లేదు అన్నమాట. అలాంటిదే ఇందులో ఉంది. మెడకి ఆనుకుని ఉంటే ఒంటి వేడికి మెల్లగా బయటికొస్తుంది. కొంత నెమ్మది ఇస్తుంది. కానీ ఇది ఒక్కటే చాలదు. దాని భయం ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. ఎవరూ కదపని చోటు ఒకటి ఇవ్వండి. గుర్రుమంటే కొట్టకండి, పక్కకి తీసుకుపోండి. పట్టీ మందనుకుంటే ఇది పథ్యం."

మాస్టారు ప్రతి మాటకీ తల ఊపాడు. ఇంటికొచ్చేసరికి ఆ మాటల్లో మిగిలినది కాస్తే.

"ఏమందండీ డాక్టరమ్మ?"

"మెళ్ళో ఇది వేస్తే నెమ్మదిస్తుందిట. ఇంకా చోటనీ గీటనీ ఏదో చెప్పింది. ముందు ఈ బడి బట్టలు గట్టెక్కనీ, అవన్నీ అప్పుడు చూద్దాం."

మందు మింగి పథ్యం మానేసేవాళ్ళు మన ఇళ్ళల్లో మాత్రం ఎందరు లేరు? మందు కొనుక్కోవచ్చు. పథ్యానికి మన అలవాటు మార్చుకోవాలి. అక్కడే మన కాళ్ళు వెనక్కి పడతాయి.

మాస్టారు తల్లి వసారాలో కూర్చుని కాజాలు కుడుతోంది. పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మెళ్ళో పట్టీ కడితే కోపం పోతుందిట్రా? ఈ సంగతి తెలిస్తే మీ నాన్నకి పెళ్ళినాడే కట్టేదాన్ని."

"మీకూ ఒకటి తెప్పించమంటారా అత్తయ్యా?" అంది కోడలు.

"తెప్పించు. నీ చేత్తో కుట్టకు. నువ్వు కొలత తీశావంటే ఊపిరాడదు."

ముగ్గురూ నవ్వుకున్నారు. గుండీకి పట్టీ వేశారు. మాస్టారు భార్య దూరంగా నిలబడి చూసి పెదవి విరిచింది.

"ఇలా బోసిగా వేస్తే పిచ్చికుక్కకి కట్టారనుకోరూ? పైగా మెడ ఒరుసుకుపోతుంది."

కత్తిరించగా మిగిలిన ఎర్ర గుడ్డ తీసింది. పట్టీకి నిండుగా ఒక తొడుగు కుట్టింది. లైనింగ్ లేకుండా ఏది కుట్టినా ఆవిడ చెయ్యి ఒప్పుకోదు. లోపలివైపు దళసరి గుడ్డ పెట్టి, చుట్టూ సన్నగా కుట్టు వేసి, పైన చిన్న పువ్వులా ముడి పెట్టింది. పట్టీలో ఒక్క అంగుళం కూడా గుండీ మెడకు తగలకుండా పోయింది. ఎంత శ్రద్ధగా కుట్టిందంటే, అలా పాడుచేయడం ఇంకో చేతికి సాధ్యమయ్యేది కాదు. పాపం, ఆవిడ మనసులో ప్రేమ తప్ప మరేమీ లేదు. నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ కూడా ఆ ప్రేమలో కలిసిపోయింది, అంతే.

గుండీ నెమ్మదించింది. ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు. తోక తొక్కినా కిక్కురుమనేది కాదు. మొహం పక్కకు తిప్పుకునేది. ఊరికే మూతి నాకుకునేది. కంటి తెల్లగుడ్డు కనిపించేలా వారగా చూసేది. స్కేలు దెబ్బలకు గుర్రుమనడం మానేసిన కుక్కకు మిగిలే మాటలు అవే. వాటిని వినే తీరిక ఆ గదిలో ఎవరికీ లేదు. "పట్టీ మహిమ!" అన్నారు. ఇంటావిడ కూడా, "మా చెల్లెలి కుక్కకీ ఇదే వేయించమంటాను," అంది.

మనవరాలి బడి గౌను సరిపోయిందో లేదో చూడటానికి ఇంటావిడ ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చిన సాయంత్రం గది మరీ కిక్కిరిసి ఉంది. గౌను వేసుకుని తిరిగి చూసుకుంటున్న పాపకు మూటల పక్కన ఎర్ర పువ్వు కనిపించింది.

"మామ్మా, కుక్క భలే ముస్తాబైంది! ముట్టుకోనా?"

"వద్దే, కరుస్తుందేమో."

మాస్టారు భార్య నోట్లోంచి గుండుసూదులు తీసి నవ్వింది. "పట్టీ వేశాం కదా పిన్నిగారూ! ఇప్పుడది కుక్క కాదు, గొర్రె. ముట్టుకోమ్మా."

పాప వంగి రెండు చేతులూ గుండీ మెడ చుట్టూ వేసింది. గుండీ వెనక్కి జరిగింది. వెనక మూట. పక్కకు జరిగింది. పక్కన మిషను. మొహం తిప్పుకుంది, మూతి నాకుకుంది. పాప ఇంకా గట్టిగా హత్తుకుంది. ఒక్క గుర్రు లేదు, ఒక్క అరుపు లేదు. పాప కేక విన్నాకే అందరూ ఇటు చూశారు. మణికట్టు పైన చర్మం చీలి, కొత్త గౌను మీద రక్తం పడుతోంది.

పాపకు కుట్లు పడ్డాయి, సూదులు పడ్డాయి. చెయ్యి బాగైంది గాని, వీధిలో ఏ కుక్క కనబడినా మామ్మ వెనక నక్కడం మిగిలింది. ఇంటావిడ కిందికొచ్చి కేకలెయ్యలేదు. గుమ్మంలో నిలబడి, "నేను వద్దన్నాను. నువ్వు ముట్టుకోమన్నావు," అని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండునని మాస్టారు భార్యకు అనిపించింది.

భార్యాభర్తలిద్దరూ గుండీని తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తారు. పట్టీ పాడైందేమో, ఇంకోటి వేస్తే నయమవుతుందేమో, గుండీ మంచిదేనని ఆవిడ ఒక మాట చెబితే ఇంటావిడ కాళ్ళైనా పట్టుకోవచ్చని వాళ్ళ ఆశ.

డాక్టరమ్మ పట్టీ కింద వేలు పెట్టింది. తీసి తిరగేసి చూసింది.

"ఇదెవరు కుట్టారు?"

"నేనేనండీ. ఒరుసుకోకుండా లైనింగ్..." మాస్టారు భార్య మాట మధ్యలోనే ఆగింది. డాక్టరమ్మ ముఖం చూసి భర్తవైపు తిరిగింది. ఆయన నేల చూస్తున్నాడు.

"మెడకి ఆనాలని చెప్పాను కదండీ. ఇది వేసినా వెయ్యకపోయినా ఒకటే."

"మరి ఇన్నాళ్ళూ నెమ్మదిగానే ఉందండీ! గుర్రుమనడం కూడా మానేసింది."

"ఎలా మానేసింది?"

ఆవిడ చెయ్యి ఎత్తి, టక్కున కొట్టినట్టు చూపించింది. "స్కేలుతో... చిన్నగానే అండీ."

డాక్టరమ్మకు కోపం రాలేదు. ఆవిడ గొంతులో అలసట మాత్రమే ఉంది. "గుర్రుమనడం పొగరు కాదమ్మా. దగ్గరికి రావద్దు, నాకు భయంగా ఉంది అని కుక్క మర్యాదగా చెప్పే మాట అదొక్కటే. చెప్పినప్పుడల్లా దెబ్బ తగిలితే చెప్పడం మానేస్తుంది. భయం మాత్రం అలాగే ఉంటుంది. పట్టీ సరిగ్గా వేసినా మీ ఇంట్లో సగమే పనిచేసేది. దాని చోటు తీసేసుకుని మెళ్ళో అమ్మ వాసన కడితే ఎన్నాళ్ళు నమ్ముతుంది?"

గుండీని ఉంచుకునే దారి లేకపోయింది. డాక్టరమ్మే ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక రిటైరైన నర్సమ్మకు అప్పగించింది. వదిలి వచ్చేటప్పుడు అది గేటు ఊచల్లోంచి మూతి పెట్టి చూస్తూ నిలబడింది. మాస్టారు తల్లి ఆ రోజంతా జోకులు వెయ్యలేదు. "ఆ మూటలు నా మంచం మీద పెట్టినా నేను వసారాలో పడుకునేదాన్ని కదరా," అని మాత్రం ఒకసారి అంది.

బడులు తెరిచాయి. మూటలు వెళ్ళిపోయాయి. అప్పుడు చూద్దామనుకున్న చోటు చూడటానికి తీరిక వచ్చింది, చూడవలసిన కుక్క లేదు.

కొన్నాళ్ళకు ఇద్దరూ గుండీని చూసి రావడానికి వెళ్ళారు. నర్సమ్మ ఇంట్లో మెట్ల కింద మూల దానిది. అక్కడ ఊడవాలన్నా నర్సమ్మ ముందు దూరంనుంచి చీపురు చూపించి, దాన్ని అడిగినట్టే అడిగి మరీ ఊడుస్తుంది. మెళ్ళో బూడిదరంగు పట్టీ, తొడుగూ పువ్వూ లేకుండా, బోసిగా. మాస్టారు గొంతు వినగానే గుండీ లేచి తోక ఊపింది. ఆయన చెయ్యి నాకింది. ఆ సంతోషంలో మాస్టారు భార్య గబగబా ముందుకెళ్ళి వంగి రెండు చేతులూ చాచింది.

గుండీ ఆగిపోయింది. గొంతులోంచి సన్నగా గుర్రుమంది.

"ఒక్క అడుగు వెనక్కి వెయ్యమ్మా. వద్దంటోంది," అంది నర్సమ్మ మామూలుగా.

ఆవిడ వెనక్కి జరిగింది. గుర్రు ఆగింది. ఇంకేమీ జరగలేదు. గుండీ తన మూలకు వెళ్ళి ముడుచుకుని పడుకుంది. అంత తేలిగ్గా అయిపోయే సంగతికి ఒక పసిపిల్ల చెయ్యి, తమ ఇంటి ప్రాణం ఖర్చయ్యాయని ఆవిడకు అప్పుడు తెలిసింది.

తిరిగి వస్తుంటే మాస్టారు గొణిగాడు. "చూశావా, తిండి పెట్టి పెంచిన నిన్నే గుర్రుమంది. విశ్వాసం లేని కుక్క."

ఆవిడ రోడ్డు మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకుంది. "అలా అనకండి. నర్సమ్మ వింటుందని నమ్మకం కుదిరింది గనకే అది మళ్ళీ నోరు విప్పింది. మన దగ్గర ఆ నమ్మకం నేనే చంపేశాను. భయపడిన ప్రాణం అది కుక్కైనా మనిషైనా చెప్పేది ముందు వినాలండీ, భయం లేని చోటివ్వాలి, ఆ తరవాతే మెళ్ళో ఏ పట్టీ అయినా పనిచేస్తుంది. నోరు మూయించి, అదే నెమ్మది అనుకోవడం మనం చేసిన పాపం."