చెంబు మీద మరక

దర్శి చుట్టుపక్కల మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరడంలో కరీమున్‌ను మించినవాళ్లు లేరు. ఎంత పెద్ద రాశిలోనైనా తెల్లబడ్డ కాయ ఆమె కన్నుగప్పి పోలేదు. ఇంట్లో గిన్నెల మీదా అదే కన్ను. ఇత్తడి చెంబును రోజూ చింతపండుతో తోమి, మొహం కనబడితే గానీ బోర్లించేది కాదు.

కూతురు అనీసా తొమ్మిదో తరగతి. మూడు రోజుల జ్వరంతో పోయింది. నలభయ్యో రోజు కూడా అయిపోయింది. ఇంట్లో ఆ పిల్ల ఫొటో ఒక్కటీ లేదు. పదో తరగతి హాల్ టికెట్‌కు ఎలాగూ దిగాలి కదా, అప్పుడు చూద్దాంలే అని వాయిదా వేసింది కరీమునే. ఇప్పుడు పిల్ల ముక్కు గుర్తొస్తే గడ్డం గుర్తు రావడం లేదు. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోతోంది.

ఆ సాయంత్రం ఆమె కల్లం నుంచి వచ్చేసరికి డ్రాయింగ్ మాస్టారు ఇమ్మానియేలు వాకిట్లో ఉన్నారు.

"మీ అమ్మాయి వేసిన బొమ్మమ్మా. బళ్లోనే ఉండిపోయింది. నీళ్ల రంగులు."

కాగితం మీద తమ చెంబు. బావిలో జారిపడినప్పటి సొట్ట అంచు దగ్గర అలాగే ఉంది. తోమీ తోమీ అరిగిన చోట పసుపు పలచబడింది. ఇన్నేళ్లుగా తోముతున్న చెంబు ఇంత అందంగా ఉంటుందని కరీమున్‌కు తెలియదు. పిల్ల దాని ముందు ఎంతసేపు కూర్చుందో, పనిలో పడి తాను చూడనైనా లేదు.

"మనుషుల బొమ్మలు వెయ్యొద్దే అని కసురుకునేదాన్ని మాస్టారూ. అందుకే చెంబు వేసుకుంది."

చేతులకు మిరప ఘాటు. అలవాటుగా కొంగుతోనే కళ్లు ఒత్తుకుంది. అప్పుడు కనబడింది, చెంబు పొట్ట మీద గోరంత గోధుమరంగు మరక. తన చెంబు మీద మరకా? మాస్టారు మంచినీళ్లు తాగుతుండగానే కొంగు కొస తడిపి రుద్దేసింది.

మాస్టారు గ్లాసు కింద పెట్టేశారు.

"అది మరక కాదమ్మా. చెంబులో కనబడే మీ అమ్మాయి మొహం. సన్న కుంచెతో రెండు రోజులు వేసింది. మీ అమ్మ కోప్పడదా అంటే, 'మా అమ్మ మరకనుకుంటుందిలెండి సార్' అని నవ్వింది."

చెంబు పొట్ట మీద తెల్ల కాగితం తేలింది. గోధుమరంగంతా కొంగు కొసలో ఉంది. కరీమున్ ఆ కొసను గుప్పిట్లో బిగించి పట్టుకుని, మిరప ఘాటు పోని రెండో చేత్తోనే కళ్లు తుడుచుకుంది.